లంకలోని నుయ్యి

రాజమహేంద్రవరమున రైలు దిగి కోనసీమకు పోవువారికి రెండు మూడు దారులు కలవు. మేము మాత్రము ధవళేశ్వరము బ్యారేజీమీదుగా బొబ్బర్లంక చేరి, లొల్ల లాకులు దాటి, ఆత్రేయపురము మీదుగా రావులపాలెమునకు పోవు దారినే కోరుకొందుము. ఈ దారిలో కాలువ చాలదూరము మనతోడనే నడచుచుండును. కాటన్ దొరగారు 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్టయే యీ కాలువలకెల్ల మూలము. ఆ పాత కట్టడమునకు బదులుగా తరువాతికాలమున బ్యారేజి వచ్చినను, ముసలివారి నోట నేటికిని "ఆనకట్ట" యను మాటయే వినబడును. ఆత్రేయపురమున ఆగి, స్త్రీలు పూతరేకులు తీయు తీరు చూడకుండ పోరాదు. క్రింద మంట పెట్టి బోర్లించిన కుండమీద పిండినీటిలో తడిపిన గుడ్డను ఒక్క విసురున పఱచి తీయుదురు. క్షణములో ఉల్లిపొరవంటి రేకు చేతికి వచ్చును. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యని రెండుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ యను పాయ మరల విడివడి, పి. గన్నవరము ప్రక్కగా సాగి, ఓడలరేవుచెంత సముద్రమును కలియును. గన్నవరమువద్ద ఈ పాయమీదుగా కాలువనీటిని ఆవలియొడ్డునకు దాటించుటకై కట్టిన అక్విడెక్టును చూచినచో, క్రింద నదియు మీద కాలువయు పోవు వింత కన్నులకు కట్టును. ఈ పాయల నడుమ ఒండ్రుమట్టి మేటవేసి యేర్పడిన దీవులను ఇచటివారు లంకలందురు. కొన్ని లంకలలో ఇండ్లును బడులును కలవు. కొన్నిటిలో తోటలే కలవు. కొబ్బరి, అరటి, కంద, మిరప, కూరగాయలు లంకభూములలో ఏపుగా పండును. రేవునుండి పడవమీద పాలబిందెలును, కూరల గంపలును, బడిపిల్లలును, మోటారుసైకిళ్లును ఒక్కటిగా దాటివచ్చుచుండును.

ఇంత చల్లనితల్లియైన గోదావరియే శ్రావణ భాద్రపదములలో మఱొక రూపము దాల్చును. 1986 ఆగస్టునందు ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద పోయినది. ఆ యేటి గుఱుతు లేని లంకయిల్లు లేదు. 2006లోను, 2022 జూలైలోను మరల పెద్ద వరదలు వచ్చినవి. అయితే లంకవారిని వరదకంటె ఎక్కువగా కలతపెట్టునది కోత. ఏఱు వంపు తిరిగినచోట వడి యంతయు వెలుపలి గట్టునకు తగిలి అడుగున నుండి మట్టిని తొలుచును. లోపలి గట్టున మేట వేయును. వరద పెరుగుచున్నప్పుడు గట్టు నీరుపట్టి బరువెక్కును. నీరు వేగముగా తగ్గినప్పుడు, అంతవరకు దానిని ఒత్తిపట్టిన నీటి యాసరా పోవుటచే, నానిన గట్టు పెళ్లలు పెళ్లలుగా విఱిగిపడును. అందుచేతనే "వరద తీసింతరువాత అసలు వరద" యని లంకవారందురు.

మా అత్తగారు అట్టి యొక లంకలో పుట్టినవారు. 1943లో ఆమె పుట్టిన యేడే ఆమె తండ్రిగారు పెరటిలో నుయ్యి త్రవ్వించిరట. ఇసుకనేలలో రాతికట్టు నిలువదు గనుక కాల్చిన మట్టివరలు ఒకదానిమీద నొకటి దింపి కట్టిన వరలనుయ్యి యది. నూతినుండి ఏటిగట్టువఱకు ఆఱు వరుసల కొబ్బరిచెట్లు ఉండెడివి. 1986 వరదలో ఇల్లు కూలగా పుట్టింటివారు ఈవలియొడ్డునకు వచ్చి స్థిరపడిరి. తోట మాత్రము మిగిలినది. మా అత్తగారి మోకాళ్లు పట్టుదప్పి పదేండ్లయినది. రేవులో జాఱుడునేల దిగి, పడవ యెక్కి, ఆవల ఇసుకతిన్నెలమీద మైలుదూరము నడచుట ఆమెకు సాధ్యము కాదు. ప్రతి సంక్రాంతికిని మేనల్లుండ్లను ఆమె అడుగు ప్రశ్న యొక్కటే: "నుయ్యి ఉందిరా?" వారు "ఉందత్తా" అందురు. ఎంతదూరములో ఉన్నది, ఏ చెట్టు మిగిలినది యని గుచ్చి యడిగినచో, ఒకరు చెప్పినది మఱొకరు చెప్పిన దానితో సరిపడదు.

2024 సంక్రాంతికి మేమందఱము అచట చేరితిమి. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశరుద్రుల ప్రభలతీర్థము చూచి వచ్చిన మఱునాడు, మా మఱదిగారి కుమారుడు తన డ్రోనును బయటకు తీసి, "మామ్మా, నిన్ను అవతలికి తీసుకెళ్లలేను గానీ, అవతలి ఒడ్డును నీ చేతిలోకి తెస్తాను" అనెను. ఆ పిల్లవాడు కాకినాడలో ఇంజనీరింగు చదువుచున్నాడు. రెండేండ్లు తన ఖర్చులు తగ్గించుకొని కూడబెట్టిన సొమ్ముతో దానిని కొనుక్కొన్నాడు.

సోదరీమణులలో పలువురు పెండ్లిపందిళ్లమీద ఈ యంత్రము తుమ్మెదవలె రొదచేయుచు తిరుగుట చూచియే యుందురు. దాని నిర్మాణము మాకు తెలిసినంత చెప్పెదము. నాలుగు మూలల నాలుగు చిన్న మోటారులు, వానికి రెక్కలు ఉండును. రెండు రెక్కలు గడియారపు ముల్లు తిరుగు దిక్కునను, రెండు దానికి ఎదురుదిక్కునను తిరుగును. అందువలన ఒకదాని మెలికను మఱొకటి సరిచేసి యంత్రము స్థిరముగా నిలుచును. బొడ్డున లిథియము బ్యాటరీ, ముక్కున కెమేరా, ఉపగ్రహముల సంకేతములనుబట్టి తా నున్నచోటు గుర్తెఱుగు పరికరము అమర్చబడి యుండును. చేతిలోని రిమోటుకు ఫోను తగిలించినచో కెమేరా చూచునదంతయు ఫోనులో కనబడును. రిమోటుతో సంబంధము తెగినచో తానే వెనుదిరిగి, లేచినచోటికి వచ్చి దిగు ఏర్పాటు కూడ దీనిలో కలదు. మన దేశమున 2021 ఆగస్టులో వెలువడిన నిబంధనలు 250 గ్రాములకు మించని డ్రోనులను నానో తరగతిలో చేర్చి, వానిని ఎగురవేయువారికి ప్రత్యేకపు అనుమతిపత్రము అక్కఱలేదనినవి. కాని ఎగురవేయుచోటు మాత్రము ప్రభుత్వపటములో ఆకుపచ్చ భాగమున నుండవలెను, 400 అడుగులకు మించి పోరాదు. పిల్లవాడు పటము చూచుకొనియే వచ్చెను. వాని యంత్రము ఆ నానో తరగతిలోనిదే.

మంచు విడువక యెగురవేయరాదని తొమ్మిదిన్నరవఱకు ఆగితిమి. రేవుప్రక్క రావిచెట్టుక్రింద మా అత్తగారికి కుర్చీ వేసితిమి. ఎండ తగిలి ఫోను సరిగా కనబడదని ఆమె తలమీదుగా ఒక తువ్వాలు కప్పి, లోపల ఫోను పట్టుకొంటిమి. యంత్రము రొదచేయుచు లేచినది. రేవు, పడవలు, బట్టలుతుకు స్త్రీలు, పిమ్మట మూడువందల మీటర్ల నీరు, తెల్లని యిసుకతిన్నె, ఆవల పచ్చని తోట వరుసగా తెఱమీద వచ్చినవి. మా అత్తగారు మొదట ఏమియు గుర్తింపలేకపోయిరి. పుట్టి పెరిగిన చోటైనను ఆకాశమునుండి ఆమె యెన్నడు చూచియుండలేదు గదా! కొబ్బరితలలన్నియు పచ్చని చుక్కలవలె నుండెను. ఇంతలో ఆ చుక్కల నడుమ గుండ్రని బూడిదరంగు మచ్చ కనబడినది.

"అమ్మాయ్, అదే నుయ్యి! చుట్టూ చప్టా చూడు. ఈ పక్కనే మా వంటిల్లు. నేను పుట్టినిల్లు ఇదే" అని ఆమె మా చేయి పట్టుకొనిరి. ఆ చేయి వణకుచుండెను. తరువాత ఆమె వ్రేలితో తెఱమీద లెక్కపెట్టిరి. నూతికిని గట్టునకును నడుమ ఆఱు వరుసలకు రెండు వరుసలే మిగిలినవి. "చెట్టుకీ చెట్టుకీ ఇరవయ్యయిదు అడుగులు పెట్టించారు నాన్నగారు. రెండు వరుసలంటే గట్టు యాభై అడుగుల్లోకి వచ్చేసింది" అని ఆమె నెమ్మదిగా ననిరి. ఏండ్లతరబడి ఎవరును చెప్పలేని లెక్క ఆమెయే క్షణములో తేల్చుకొనిరి. పిమ్మట, "బాబూ, కొంచెం ఎడమకి తిప్పు. చింతచెట్టు ఉందో లేదో చూస్తాను" అనిరి.

పిల్లవాడు ఏటిమీదుగా వెనుకకు తెచ్చి, ఎడమకు త్రిప్పుచుండగా తెఱమీది బొమ్మ నిలిచిపోయినది. మేము మొదట ఫోను మొరాయించినదనుకొంటిమి. వాడు మీటలు నొక్కుచుండెను, సమాధానము లేదు. తానే తిరిగివచ్చునని ఆకాశమువంక చూచుచు నిలుచుంటిమి. పడవ సరంగు మాత్రము, "ఆయ్, అది పడిపోయిందండి. ఆవలి గట్టు దగ్గర, ఎండుటాకు రాలినట్టు తిరుక్కుంటా పడిందండి" అనెను. అంత యెత్తునుండి పడుటకు కొద్ది సెకండ్లు చాలును. ఏమి జరిగినదో మేము తెలిసికొనునప్పటికే అంతయు ముగిసినది.

వెంటనే రెండు పడవలు పోయినవి. సరంగు చూపినచోట చేపలవారు వల విసరిరి; వెదురుగడలతో అడుగు తడవి చూచిరి. ఒక చోట నిలువులోతు, ఇంకొకచోట గడయే అందలేదు. రెండు గంటలు వెదకినను నాచును, ఒక చినిగిన వలముక్కయు తప్ప ఏమియు దొరకలేదు. సముద్రపు పోటు ఈ పాయలలోనికి ఎగదన్నును. మధ్యాహ్నమునకు నీరు పెరుగసాగెను. అప్పుడు సరంగుకొడుకు చొక్కా విప్పి, "నేను మునిగి చూస్తానండి" అని పడవ యంచున నిలుచుండెను. ఒడ్డునుండి మా అత్తగారు ఎన్నడు లేని గొంతుతో, "ఒద్దు! ఆ యేటిని నేనెరుగుదును. బొమ్మకోసం బిడ్డని దింపుతామా? వెనక్కి రండి" అని కేకవేసిరి. మా పిల్లవాడు మాఱుమాటాడక పడవను త్రిప్పించెను. రెండేండ్ల సొమ్ము నీటిపాలైనను, ఆ మాటకు ఎదురు చెప్పని వానిని చూచి మాకు కడుపు నిండినది.

ఆ రాత్రి వాడు ఫోనులో మిగిలిన ప్రయాణపు లెక్కలు తెఱచి మాకు చూపెను. యంత్రము ఎగురుచున్నంతసేపును తన యెత్తు, వేగము, వంపు, బ్యాటరీలో మిగిలిన శక్తి మొదలగునవి సెకండునకు పెక్కుసారులు ఫోనునకు పంపుచుండును. చివరి వరుసలో ఎత్తు 58 మీటర్లు, బ్యాటరీ నూటికి 64 వంతులు, అందుచున్న ఉపగ్రహములు 15 అని యున్నది. దాని తరువాతి వరుస లేదు. ఆ లేమియే ఒక సాక్ష్యమని వాడు వివరించెను. గ్రద్ద తన్నియుండినచో, లేక ఒక రెక్క విఱిగియుండినచో, నాలుగింటి తూకము తప్పి యంత్రము గిఱ్ఱున తిరిగి బోర్లపడును. ఆ వంపు రెండు మూడు వరుసలలోనైన కనబడవలెను. ఇచట చివరి వరుసవఱకు యంత్రము నీటిమీది పళ్లెమువలె సమముగా నున్నది. సంబంధము మాత్రమే తెగియుండినచో అది తానే తిరిగి రావలెను. రాలేదు, పడుట సరంగు చూచెను. కాబట్టి విద్యుత్తు ఒక్కసారిగా నిలిచినదనుట స్పష్టము. ఎందుకు నిలిచినది? బ్యాటరీ గొళ్లెము సడలెనా, లోపలి యతుకు ఊడెనా, బ్యాటరీని కాపాడు చిన్న పలక తానే శక్తిని కత్తిరించెనా, మంచుతేమ ఎచటనైన చేరెనా? ఇవి నాలుగును సాధ్యమే. వీనిలో ఏది నిజమో యంత్రము విప్పి చూచినగాని తెలియదు. ఆ యంత్రము వైనతేయ గర్భమున నున్నది.

దానిని తయారుచేసినవారికి పిల్లవాడు లెక్కలన్నియు పంపి వ్రాసెను. మూడు వారములకు మర్యాదగా బదులు వచ్చినది: యంత్రము పంపనిదే కారణము నిర్ణయింపజాలమనియు, కారణము తేలనిదే పరిహారము లేదనియు దాని సారాంశము. ఏటిలో పడినదానిని పంపుటెట్లని వాడు నవ్వి ఊరకుండెను.

కాని ఫోనులో లెక్కలతోపాటు మఱొకటి మిగిలినది. కెమేరా తీసిన మేలిమి బొమ్మలు యంత్రములోని మెమరీకార్డుతో మునిగినవి. అయితే ఎగురుచున్నప్పుడు ఫోనునకు వచ్చిన దృశ్యము యొక్క నకలు, కొంచెము మసకగా, ఫోనులోనే నిలువయైనది. రెండు నిమిషముల నలువది సెకండ్ల నిడివి. అందు తోట కలదు, రెండు వరుసల చెట్లు కలవు, నూతి చప్టా కలదు. చింతచెట్టు మాత్రము లేదు. దానివైపు తిరుగుచుండగనే చూపు ఆగినది.

ఆ సంవత్సరమే జూలైలో గోదావరి పొంగినది. లంకలకు రాకపోకలు తెగినవి. నీరు తీసినపిదప గట్టు విఱుగుట మొదలిడినది. కార్తికమాసమున మేనల్లుండ్లు తోటకు పోయి చూచి వచ్చి చెప్పిన మాట యిది: ఆ రెండు వరుసలును పోయినవి. నూతిచుట్టునున్న నేల కరగిపోగా వరలు మాత్రము ఏటియంచున స్తంభమువలె కొన్నిదినములు నిలిచినవట. పడవలలో పోవువారు చూచి ఆశ్చర్యపడిరట. పిమ్మట ఒకనాటి రాత్రి అవియు ఒరగి నీటిలో పడినవి. మా అత్తగారు విని చాలసేపు మాటాడలేదు. తరువాత, "చింతచెట్టు?" అని యడిగిరి. అది గట్టునకు దూరముగా, వెనుకవైపున, ఇంకను ఉన్నదని వారు చెప్పిరి.

పిల్లలకు ఇట్టి యంత్రములు కొనియిచ్చు గృహిణులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. బ్యాటరీ ఏమాత్రము ఉబ్బినను, నీటిలో తడిసినను, దానిని మరల ఛార్జి చేయనీయరాదు. లిథియము బ్యాటరీలు అట్టి స్థితిలో మండుటకలదు. రాత్రివేళ పడకగదిలో ఛార్జికి పెట్టి నిద్రపోవుటయు తగదు. ఎగురవేసి వచ్చినవెంటనే కార్డులోని బొమ్మలను మఱొకచోట దాచుకొనుడు. ఫోనులో నిలుచు మసక నకలును తుడిచివేయకుడు. ఒక్కొక్కప్పుడు అదియే దక్కును. అన్నిటికంటె ముఖ్యముగా, యంత్రము ఏటిలోనో బావిలోనో పడినచో దానికొఱకు ఎవ్వరిని దింపకుడు.

కోనసీమ చూడగోరువారు కార్తికము మొదలుకొని మాఘమువఱకు పోవుట మేలు. ఏఱు తగ్గి తిన్నెలు తేలియుండును. పడవ ప్రయాణము సుఖముగా నుండును. తెల్లవాఱి మంచు ఎక్కువ గనుక ఎండపొడ వచ్చిన తరువాతనే రేవు దాటుడు. లంకలో దిగినప్పుడు గట్టుచివర నిలుచుండకుడు. పైకి గట్టిగా కనబడు నేల క్రింద గుల్లగా నుండవచ్చును. అచట ఎవరి తోటలోనికి పోయినను బొండము కొట్టి యిచ్చి కూర్చుండుమందురు. వారినడిగినచో తమ గట్టు ఏయేట ఎంత పోయినదో చెట్ల లెక్కతో చెప్పుదురు.

మా పిల్లవాడు ఆ మసక దృశ్యమునుండి ఒక బొమ్మ తీసి, పెద్ద కాగితముమీద అచ్చొత్తించి తెచ్చెను. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకొని, రెండు మధ్యాహ్నములు కూర్చుండి, దానిమీద పెన్సిలుతో పేర్లు వ్రాసిరి: వంటిల్లు ఇచట, పశువులసాల ఇచట, నాన్నగారు పడుకొను నులకమంచము ఇచట, మొదటి కాపు కాచిన చెట్టు ఇది, పిడుగుపడిన చెట్టు ఇది. మొత్తము పదుమూడు పేర్లు వచ్చినవి. చింతచెట్టు ఆ బొమ్మలో లేదు గనుక, కాగితమునకు ఎడమవైపున అంచుదాటి ఒక చిన్న ముక్క అతికించి, దానిమీద ఆ చెట్టును ఆమెయే గీసిరి.